మన చేలో జరిగింది మనమే రాయాలి, వెతికేవాడి మాటల్లో రాయాలి

పోస్టు కాస్త పొడుగే, తీరిక చూసుకుని చదవండి.

పంటకు ఏదైనా వచ్చిందంటే ఇప్పుడు మనలో చాలామంది చేసే మొదటి పని ఫోన్ తీయడం. ఇదివరకు పక్క చేను పెద్దాయన్ని పిలిచి చూపించేవాళ్ళం. ఇప్పుడు "మిర్చి ముడతకు ఏం మందు కొట్టాలి" అని గూగుల్‌ని అడుగుతున్నాం. టైపు చేయడం రానోళ్ళు కూడా మైకు గుర్తు నొక్కి మాట్లాడుతున్నారు. అందులో తప్పేం లేదు. అడిగినప్పుడు వచ్చేది ఎవరి మాట అన్నదే నా బాధ.

పైన కనిపించేవి ఎక్కువగా మందు అమ్మేవాళ్ళవి. లేకపోతే "ఒక్క స్ప్రేతో ముడత మాయం" అని ఎర్ర అక్షరాలు పెట్టిన వీడియోలు. వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళ సమాచారం కూడా ఉంటది, అది నికరమైందే గానీ పుస్తకం భాషలో ఉంటది. ఆ ముడతను తన తోటలో చూసి, డబ్బులు పెట్టి, చివరికి ఎన్ని క్వింటాళ్ళు తీశాడో తెలిసిన రైతు మాట మాత్రం ఎక్కడో అడుగున ఉంటది. చాలాసార్లు అసలే ఉండదు.

నేననేది ఒక్కటే. ఆ ఖాళీని మనమే నింపాలి. మన అనుభవం మనమే రాయాలి. ఊరికే రాస్తే కూడా చాలదు, ఇంకో రైతు ఏ మాటతో వెతుకుతాడో ఆ మాటతో రాయాలి. లేకపోతే రాసినా రాయనట్టే.

"శాస్త్రవేత్తలు ఉన్నారుగా, మనం రాసేదేముంది" అని కొందరు అంటారు. ఉన్నారు, వాళ్ళు కావాలి కూడా. కానీ కొత్త పురుగు చేలోకి దిగినప్పుడు దాన్ని రోజూ చూసేది నీళ్ళు కట్టడానికి పోయిన రైతే. 2018 గుర్తుందా? ఆ ఏడు మే నెలలో కర్ణాటకలో మొక్కజొన్న మీద ఒక కొత్త పురుగును మన దేశంలో మొదటిసారి గుర్తించారు. అదే ఏడు మన రెండు రాష్ట్రాలకూ వచ్చేసింది. ఇప్పుడు కత్తెర పురుగు అంటే చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. అప్పుడు మాత్రం ఆ పేరు చాలామందికి తెలియదు. రైతుకు కనిపించింది పేరు కాదు. సుడిలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపించింది, ఆకుల మీద వరుసగా చిల్లులు కనిపించాయి. వెతికినా ఆ మాటలతోనే వెతికాడు. ఆ మాటలతో తెలుగులో రాసి పెట్టినవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి?

2021లో మిర్చికి వచ్చిన నల్ల తామర పురుగు సంగతి కూడా అంతే. గుంటూరు నుంచి ఖమ్మం, వరంగల్ దాకా ఎన్ని తోటలు పోయాయో మనందరం చూశాం. పూల లోపల గుంపుగా చేరి పూతంతా రాల్చింది. వారానికో మందు మార్చి కొట్టినోళ్ళు ఉన్నారు, తోటలు పీకేసినోళ్ళు ఉన్నారు. మందులు అదేపనిగా కొట్టొద్దు, నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి అని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ ఏడు అట్టలు పెట్టినోళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఎకరానికి ఎన్ని పెట్టారు, పైరు ఏ ఎత్తులో ఉన్నప్పుడు పెట్టారు, పెట్టాక పూత ఎంత నిలిచింది అన్న లెక్క రాసి పెట్టినవాళ్ళు మాత్రం నాకు తెలిసి చాలా తక్కువ. అంత నష్టం పడి నేర్చుకున్నది నోటి మాటగానే మిగిలిపోయింది.

వాట్సాప్‌లో పంచుకున్నాం కదా అంటారు. పంచుకున్నాం. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాం, నలుగురు దండం బొమ్మలు పెట్టారు, పైన ఇంకో వంద మెసేజీలు వచ్చి పడ్డాయి. పై ఏడు అదే నెలలో అదే బాధ వస్తే ఆ వాయిస్ ఎక్కడుందో పెట్టినోడికే దొరకదు. గ్రూపు లోపలి మాట గ్రూపు బయట గూగుల్‌లో వెతికేవాడికి ఎన్నటికీ దొరకదు. అక్షరాల్లో రాసి, అందరికీ కనిపించేలా పెట్టిందే నాలుగేళ్ళ తర్వాత కూడా ఎవరికో ఒకరికి పనికొస్తది.

ఇక ఎలా రాయాలన్న దగ్గరికి వస్తా.

మొదటిది, కంటికి కనిపించిందే మొదటి లైన్‌లో పెట్టాలి. మనం సాధారణంగా ఏం చేస్తాం? అంతా అయ్యాక పురుగు పేరు తెలుసుకుని "గులాబీ రంగు పురుగు యాజమాన్యం" అని మొదలుపెడతాం. పత్తి చేలో నిలబడ్డ రైతుకు ఆ పురుగు కనిపించదు, అది కాయ లోపల ఉంటది. ఆయనకు కనిపించేది విచ్చుకోకుండా ముడుచుకున్న పువ్వు. మనోళ్ళు గుడ్డి పూలు అంటారు. అందుకని "పత్తి పూలు విచ్చుకోవడం లేదు, గుడ్డి పూలు వస్తున్నాయి" అని మొదలుపెట్టాలి. గులాబీ పురుగు అన్న పేరు రెండో లైన్‌లో రావాలి. పేరు తెలిసినోడు పేరుతో వెతుకుతాడు, తెలియనోడు చూసిన దానితో వెతుకుతాడు. ఇద్దరికీ దొరకాలి.

రెండోది, ఒకే బాధకు ఊరికో పేరు ఉంటది. వరిలో కాండం తొలుచు పురుగు అని పుస్తకంలో ఉంటది, తెలంగాణలో మొగి పురుగు అంటాం. రకాలూ అంతే. బీపీటీ 5204 అన్నా సాంబమసూరి అన్నా ఒకటే. ఎంటీయూ 1010 అంటే కాటన్‌దొర సన్నాలు, ఎంటీయూ 7029 అంటే స్వర్ణ, ఆర్‌ఎన్‌ఆర్ 15048 అంటే తెలంగాణ సోనా. ఒకడు నంబరుతో వెతుకుతాడు, ఒకడు పేరుతో వెతుకుతాడు. పోస్టులో రెండూ ఒక్కోసారి రాస్తే చాలు. మిర్చి అని ఒక చోట, మిరప అని ఇంకో చోట రాయండి. అదేం అతి కాదు, మన భాష అలాగే ఉంది.

మూడోది, ఒకే పేరు కింద మూడు బాధలు దాక్కుని ఉంటే విడదీసి రాయాలి. మిర్చి ముడతే తీసుకోండి. ఆకు అంచులు పైకి ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగు పని. ఆకు కిందికి ముడుచుకుని కాడ సాగితే కింది ముడత, అది నల్లి పని. ఆకులు చిన్నవై, ముద్దగా అయి, మొక్క గిడసబారితే అది వైరస్ కావచ్చు, బొబ్బర తెగులు అంటాం, తెల్లదోమ మోసుకొస్తది. తామర పురుగు మందు నల్లి మీద చాలావరకు పనిచేయదు. వైరస్ పట్టిన మొక్కను ఏ మందూ బాగుచేయలేదు, తెల్లదోమను అదుపు చేసుకోవడమే మన చేతిలో ఉన్నది. ఇప్పుడు ఎవరైనా "ముడతకు ఫలానా మందు కొట్టా, సూపర్" అని రాస్తే అది ఏ ముడతకు? చదివిన పది మందిలో కొందరికి కలిసొస్తది, మిగతావాళ్ళకు డబ్బులు దండగ. "పైకి ముడుచుకుంది" అన్న ఒక్క మాట రాసి ఉంటే ఆ దండగ తప్పేది.

నాలుగోది, లెక్కలు. బస్తా అంటే గోదావరి జిల్లాలో 75 కిలోలు, మా వైపు కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి. "ఎకరానికి 40 బస్తాలు" అని రాస్తే ఒకరు 30 క్వింటాళ్ళు అనుకుంటారు, ఇంకొకరు 16 అనుకుంటారు. క్వింటాళ్ళలో రాయండి. పది గుంటలు అంటే ఆంధ్ర రైతుకు 25 సెంట్లు అని పక్కన రాయండి. "ట్యాంకుకు ఒక మూత" అని అసలే రాయొద్దు. ట్యాంకు 16 లీటర్లదా 20 లీటర్లదా, మూత ఏ డబ్బాది? లీటరు నీటికి ఎంత, ఎకరానికి ఎన్ని లీటర్ల నీళ్ళు అని రాస్తే ఎవరి పంపుకైనా సరిపోతది. కార్తె పేరు రాస్తే పక్కన తేదీ కూడా వేయండి. మన పిల్లల్లో సగం మందికి మృగశిర ఎప్పుడొస్తదో తెలియదు, జూన్ అంటేనే తెలుస్తది.

ఇదంతా కలిపితే ఎలా ఉంటదో ఒక నమూనా చూడండి. మనం మామూలుగా రాసేది ఇది:

"వరి పసుపు రంగులోకి మారింది. జింకు కొట్టాను. బాగుంది. రైతులందరూ వాడండి."

దీని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. అదే సంగతి ఇలా రాయొచ్చు:

"వరి నాటిన 20 రోజులకు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, పైరు గిడసబారింది. జింకు లోపం అని తేలింది. మాది నల్లరేగడి, బోరు నీళ్ళు, వరి మీద వరి ఆరో పంట. రకం ఎంటీయూ 1010, కాటన్‌దొర సన్నాలు. జనవరి మొదటి వారంలో నాటాం, రాత్రి చలి ఎక్కువగా ఉంది. మందుల షాపులో తెగులు మందు ఇస్తామన్నారు. కొనకుండా రెండు దుబ్బులు పీకి వ్యవసాయ విస్తరణ అధికారికి చూపించాం. జింకు సల్ఫేట్ లీటరు నీటికి 2 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు, అంటే సారికి 400 గ్రాములు. ఐదు రోజులకోసారి మూడు సార్లు కొట్టాం. అందులో పురుగు మందు ఏదీ కలపలేదు. రెండోసారి కొట్టాక కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి. పాత ఆకుల మచ్చలు పోలేదు. ఒక మడిలో చౌడు ఉంది, అక్కడ ఫలితం తక్కువ. కోత అయ్యాక దిగుబడి ఇక్కడే రాస్తాను."

చూశారా, ఇందులో గొప్ప భాషేం లేదు. కానీ "నాటిన 20 రోజులకు వరి ఆకుల మీద తుప్పు మచ్చలు" అని వెతికినోడికి ఇది దొరికే అవకాశం ఉంది. దొరికాక నాది కూడా బోరు నీళ్ళే, నాది కూడా వరి మీద వరే అని తన పొలంతో పోల్చుకోగలడు. ఎర్ర చెల్క రైతు అయితే ఇది నా సంగతి కాదేమో, అడిగి చూద్దాం అనుకుంటాడు. చౌడు మడిలో సరిగా పనిచేయలేదు అన్న లైన్ ఉంది చూడండి, ఆ లైన్ వల్లే మిగతాదంతా నమ్మబుద్ధి అవుతది. అమ్మేవాడు ఆ లైన్ ఎప్పుడూ రాయడు.

కోత అయ్యాక మళ్ళీ వచ్చి దిగుబడి రాయడం మాత్రం మర్చిపోవద్దు. మందు కొట్టిన మూడో రోజు ఫోటోలు బోలెడు కనిపిస్తాయి. పంట ఇంటికొచ్చాక కాటా చీటీ చూసుకుని, మంచో చెడో రాసినవాళ్ళే మనకు కావాలి.

ఇక ఎలా రాయకూడదో కూడా చెప్తా. ఎక్కువమందికి కనిపించాలని కొందరు పోస్టు కింద పత్తి, మిర్చి, వరి, కంది, టమాటా అని ఉన్న పంటల పేర్లన్నీ, తెగుళ్ళ పేర్లన్నీ వరుసగా కుమ్మరిస్తారు. లోపల ఉండేది మిర్చి గురించి నాలుగు ముక్కలు. టమాటా రైతు వస్తాడు, చూస్తాడు, తిట్టుకుని పోతాడు. మళ్ళీ ఆ పేజీ తలుపు తట్టడు. రాత్రి పదింటికి చేను గురించి దిగులుతో వెతికేవాణ్ణి అలా తిప్పడం పాపం. పైన ఏ మాట పెట్టామో లోపల దానికి జవాబు ఉండాలి.

ఇంకోటి, ఫోటో మీద అక్షరాలు ఎక్కించి అదొక్కటే పెట్టి వదిలేయకండి. ఫోటో పెట్టండి, అవసరమే. ఆకు పైభాగం ఒకటి, అడుగు భాగం ఒకటి, మొత్తం మొక్క ఒకటి తీయండి. కానీ సంగతి మాత్రం కింద మాటల్లో టైపు చేయండి. టైపు కష్టమైతే మైకులో చెప్తే ఫోనే రాసి పెడతది, తప్పులు ఇంట్లో పిల్లలు దిద్దుతారు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. అనుభవం రాయడం వేరు, మందు చీటీ రాయడం వేరు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ ఎంతమంది రైతులు, కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారో పేపర్లలో చదివాం. మందు అంటే విషం, అది మర్చిపోవద్దు. మనం రాసిన మోతాదు చూసి మనకు తెలియని ఊర్లో, మనకు తెలియని మనిషి పంపు భుజానికి ఎత్తుకుంటాడు. అందుకని డబ్బా మీద ఉన్న మోతాదే రాయాలి. రెండు మూడు మందులు కలిపి కొట్టిన ప్రయోగాలను "మీరూ చేయండి" అని రాయొద్దు. "నేను వాడాను, ఇలా జరిగింది" అనే చోట ఆగాలి. డబ్బా పేరు కన్నా లోపలి మందు పేరు రాయడం మేలు. ఒకే మందు పది కంపెనీల పేర్లతో దొరుకుతది, పేరు మారింది కదా అని అదే మందు మళ్ళీ మళ్ళీ కొట్టే ప్రమాదం ఉంది. అనుమానం ఉన్న చోట కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 రాయండి. 2004 నుంచి ఉంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

మనలో చాలామంది రాయకపోవడానికి అసలు కారణం చదువు కాదని నా అభిప్రాయం. నామోషీ, భయం. నష్టం వచ్చిందని రాస్తే ఊర్లో పలచన అయిపోతాం అనుకుంటారు. లాభం వచ్చిందని రాస్తే దిష్టి తగులుతది, అప్పులోడు వస్తాడు అనుకుంటారు. ఫలానా మందు పనిచేయలేదని రాస్తే షాపాయన ఉద్దెర ఆపేస్తాడని ఇంకొందరి భయం. ఆ చివరి భయం ఉత్తది కాదు. పెట్టుబడి ఉద్దెర మీద నడిచే కౌలు రైతుకు అది నిజమైన ఇబ్బందే. అలాంటప్పుడు షాపు పేరు, కంపెనీ పేరు అక్కర్లేదు. మందు రకం, మోతాదు, ఎన్ని రోజులకు ఏమైంది అని రాస్తే చాలు. మన గొడవ మనిషితో కాదు కదా, మనకు కావాల్సింది సమాచారం.

"ఒక్కడి చేలో జరిగింది అందరికీ వర్తిస్తదా" అని అడిగేవాళ్ళు కూడా ఉన్నారు. మంచి ప్రశ్న. వర్తించదు. అందుకే నేల, నీరు, రకం, తేదీ రాయమంటున్నా. ఒకరి అనుభవం ఒక చేను ముచ్చటే. కానీ ఒకే బాధ మీద వేర్వేరు మండలాల నుంచి ఇరవై మంది ఇలా వివరంగా రాస్తే, చదివేవాడికి తనలాంటి చేను ఒకటైనా దొరుకుతది. శాస్త్రవేత్తకు కూడా ఏ నేలలో ఏ బాధ ముందు మొదలైందో చూసుకునే వీలుంటది. ఇరవై మందీ "సూపర్" అని మాత్రమే రాస్తే ఇరవై ఉన్నా సున్నానే.

మన తాతలు విత్తనం దాచినట్టు అనుభవం కూడా దాచారు. ఏ వానకు ఏం వేయాలో, ఏ గాలికి ఏ పురుగు వస్తదో నోటితో చెప్పారు. అది నిలిచింది ఎందుకంటే అప్పుడు కొడుకు అదే చేలో, అదే విత్తనంతో తండ్రి వెనకాలే నడిచాడు. ఇప్పుడు ఏటా కొత్త రకం, కొత్త మందు, కొత్త పురుగు. కొడుకు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు, చేను కౌలుకు ఇంకొకరు చేస్తారు. ఆ కౌలు రైతుకు ఆ నేల సంగతి ఎవరు చెప్తారు? ఫోనే చెప్పాలి. ఫోన్‌లో మన మాట లేకపోతే అమ్మేవాడి మాటే దిక్కు.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. గడిచిన సీజన్‌లో మీ చేలో వచ్చిన ఒక్క బాధ తీసుకోండి. ఆ రోజు మీరు పక్క రైతును ఏ మాటతో అడిగారో అదే మొదటి లైన్‌గా రాయండి. కింద నేల, నీరు, రకం, తేదీ, చేసింది, ఖర్చు, చివరికి వచ్చింది. పదిహేను లైన్లు చాలు. అందరికీ కనిపించేలా పెట్టండి. ఆ బాధను మీ ఊర్లో ఏ పేరుతో పిలుస్తారో ఈ పోస్టు కింద కూడా రాయండి, ఊరికో పేరు ఉన్నవన్నీ ఒక చోట చేర్చి మళ్ళీ పెడతాను.

ఉంటాను, నీళ్ళు మార్చే టైమ్ అయింది.